పాత జిప్సీకి ఏ లాకర్ నప్పుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాకర్ల గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. మిగతా వారు కూడా దాన్ని ముందు చదివితే వారి ప్రశ్నలకు సగం సమాధానం అందులోనే దొరుకుతుంది.

ప్రశ్న: నాది 1998 నాటి మారుతి జిప్సీ కింగ్, కార్బురేటర్ బండి. పాడేరు దాటాక మా కాఫీ తోటకు వెళ్లే దారి అంతా ఎర్రమట్టి. వాగు దాటిన వెంటనే ఒక ఎక్కుడు ఉంది. వాన నీరు కోసిన గండి దానికి ఏటవాలుగా అడ్డం పడి ఉంటుంది. ఫోర్ వీల్ వేసి లో గేర్‌లో ఎక్కించినా, వెనక ఎడమ చక్రం, ముందు కుడి చక్రం గిర్రున తిరుగుతాయి, మిగతా రెండూ కదలకుండా నిలబడిపోతాయి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతున్నప్పుడు ఇలా ఎందుకు జరుగుతుంది? మెకానిక్ లాకర్ వేయించుకోమంటున్నారు. గాలితో పట్టేవి, తమంతట తామే పట్టేవి, టార్సెన్ తరహావి అని మూడు నాలుగు రకాలు చెబుతున్నారు. నా బండికి ఏది మంచిది? – పాడేరు ప్రాంతం నుంచి ఒక కాఫీ రైతు

జవాబు: మీ బండి వెనక ఇరుసులో, మీరు కావాలనుకున్నప్పుడు మాత్రమే పట్టే స్విచ్ లాకర్ వేయించుకోండి. అయితే దానికి డబ్బు కట్టే ముందు ఆ ఇరుసును ఒకసారి పూర్తిగా విప్పించి, లోపల ఏ భాగం ఏ స్థితిలో ఉందో మీ కళ్లతో చూడండి. ఇలా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. ఆ తేడాకు వీలు కల్పించేదే డిఫరెన్షియల్. ఇంజను బలాన్ని అందుకునే పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్ వీల్‌తో పాటు తిరిగే కేజ్ అనే గూడులో ఉన్న స్టార్ పినియన్లనే చిన్న గేర్లు, చక్రాల షాఫ్టులను తిప్పే రెండు వైపుల సైడ్ గేర్లకూ ఎప్పుడూ సమానమైన బలాన్నే పంచుతాయి. చిక్కంతా ఈ సమానత్వంలోనే ఉంది. ఒక వైపు చక్రం జారుతున్నప్పుడు దాన్ని తిప్పడానికి ఎంత కొద్ది బలం సరిపోతుందో, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికి కూడా అంతే అందుతుంది. ఫోర్ వీల్ వేసినప్పుడు మీ బండిలో ముందు, వెనక ఇరుసులకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకదానికొకటి కలిసిపోతాయి కానీ, ప్రతి ఇరుసులో ఎడమ కుడి చక్రాల మధ్య డిఫరెన్షియల్ మాత్రం మామూలుగానే ఉండిపోతుంది. కాబట్టి వెనక ఒకటి, ముందు ఒకటి చక్రాలు పట్టు కోల్పోతే బండి ఆగిపోవాల్సిందే.

మీరు చెప్పిన ఎక్కుడునే లెక్కలోకి తీసుకుందాం. బండి, మనుషులు, సామాను కలిపి 1200 కిలోలు అనుకుంటే, 5 మీటర్లకు 1 మీటరు లేచే ఎక్కుడు ఎక్కడానికి సుమారు 235 కిలోల లాగుడు కావాలి. మట్టిలో దొర్లడానికి కావలసినది దానికి అదనం. గండి అడ్డం పడటం వల్ల వెనక ఎడమ చక్రం మీద 100 కిలోల బరువే మిగిలి, కుడి చక్రం మీద 500 కిలోలు పడ్డాయనుకోండి. తడి ఎర్రమట్టి మీద టైరు తన మీదున్న బరువులో 40 శాతం వరకు పట్టు ఇస్తుందనుకుంటే ఎడమ చక్రం 40 కిలోలు, కుడి చక్రం 200 కిలోలు లాగగలవు. మామూలు డిఫరెన్షియల్ ఉన్నప్పుడు రెండు చక్రాలూ చెరి 40 చొప్పున 80 కిలోలే లాగుతాయి. ముందు ఇరుసుదీ అదే కథ కాబట్టి మొత్తం 160 కిలోలు, బండి కదలదు. వెనక లాకర్ పడితే అదే ఇరుసు 240 కిలోలు లాగుతుంది, ముందుదానితో కలిపి 320 అవుతుంది. ఇంజను బలం ఏమీ పెరగలేదు. ఇంతసేపూ ఖాళీగా నిలబడి ఉన్న చక్రానికి పని దొరికింది, అంతే.

ఇదే లెక్కలో టార్సెన్, ట్రూట్రాక్ వంటి గేర్ల రకాన్ని పెట్టి చూడండి. ఇవి జారుతున్న చక్రానికి అందే బలానికి రెండున్నర, మూడు రెట్ల బలాన్ని రెండో చక్రానికి పంపగలవు. మూడు రెట్లనుకుంటే వెనక ఇరుసుకు 40, 120 కలిపి 160, ముందుదానితో 240. అంటే మీ ఎక్కుడు దగ్గర ఊగిసలాడుతుంది. చక్రం పూర్తిగా గాలిలోకి లేచిందంటే సున్నాకు మూడు రెట్లు కూడా సున్నానే. అప్పుడు యాక్సిలరేటర్‌తో పాటు బ్రేకును కొద్దిగా తొక్కి, తిరుగుతున్న చక్రానికి నిరోధం కల్పించి పని నడిపించుకోవాలి. తారు రోడ్డు మీద ఇవి ఎంతో మర్యాదగా ఉంటాయి, చప్పుడు చేయవు, స్టీరింగ్‌ను లాగవు. వానలో ఘాట్ రోడ్డే ఎక్కువగా, మట్టిదారి అప్పుడప్పుడు మాత్రమే ఉన్నవారికి నేను వీటినే సిఫారసు చేస్తాను. కమాన్ కట్టల మీద కూర్చున్న జిప్సీ వంటి బండి చక్రం కాస్త గోతిలో పడగానే రెండోదాన్ని ఎత్తేస్తుంది కాబట్టి, మీ దారికి మాత్రం ఇవి చాలవు.

ఇక తమంతట తామే పట్టే ఆటోమేటిక్ లాకర్లు. వీటిలో లాక్‌రైట్ వంటివి పాత కేజ్‌లోనే స్టార్ పినియన్లు, సైడ్ గేర్లు తీసేసి వాటి స్థానంలో కూర్చుంటాయి. క్రౌన్ పినియన్ అమరికను కదిలించనక్కర్లేదు, ఖర్చు తక్కువ, నేర్పరి మెకానిక్ ఒక రోజులో పని ముగిస్తాడు. వీటి పద్ధతి డిఫరెన్షియల్‌కు తలకిందులు: మామూలు స్థితిలో రెండు చక్రాలూ కలిసే ఉంటాయి, మలుపులో బయటి చక్రం ముందుకు పరుగెత్తినప్పుడు ఆ వైపు పళ్లు వదులుకుని టకటకమంటూ జారుతాయి. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే లోపలి చక్రమే బండిని నెడుతుంది. కాలు తీస్తే ఆ భారం ఒక్క కుదుపుతో అటు నుంచి ఇటు మారుతుంది. బరువైన, పొడవైన బళ్లలో ఆ కుదుపు తెలియకపోవచ్చు. జిప్సీ వెయ్యి కిలోలకు కాస్త అటూ ఇటూగా తూగే తేలికైన బండి. వానలో పాడేరు ఘాట్ దిగుతూ, వంపు మధ్యలో గేరు మార్చినప్పుడు వెనక భాగం పక్కకు అడుగు వేసినట్టు కదిలితే ఎలా ఉంటుందో ఊహించండి. నేను అలాంటి బండిని నడిపాను. అలవాటుపడితే సర్దుకోవచ్చన్నది నిజమే కానీ, మీ ఇంట్లో ఆ బండిని నడిపే ప్రతి ఒక్కరూ అలవాటుపడాలి.

మిగిలినది స్విచ్ లాకర్. ట్రాక్టరు నడిపిన వారికి దీన్ని కొత్తగా చెప్పనక్కర్లేదు. కుడి మడమ దగ్గర ఉండే డిఫ్ లాక్ పెడల్‌ను దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం దిగబడి తిరుగుతుంటే తొక్కుతాం, గట్టు దగ్గర మలుపు తిప్పే ముందు వదిలేస్తాం. అదే పనిని కారులో గాలి, కరెంటు, తీగ వీటిలో ఏదో ఒకదానితో చేయిస్తారు. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ వారి ఎయిర్ లాకర్ గాలితో పనిచేస్తుంది: ఒక చిన్న కంప్రెసర్, ఒక వాల్వు, సన్నని గొట్టం, కేజ్‌లో ఒక పిస్టన్. స్విచ్ నొక్కితే సైడ్ గేరు కేజ్‌తో బిగుసుకుపోతుంది, ఆపితే లోపల మామూలు డిఫరెన్షియల్ మిగులుతుంది. తారు రోడ్డు మీద మీ బండి స్వభావం మారకపోవడం ఇందులోని గొప్ప గుణం. దాని కోసమే ఇంత ఖర్చు పెట్టమంటున్నాను.

గాలి రకంలో బలహీనత ఎక్కడుందో కూడా చెప్పాలి. ఇరుసులోకి గాలి వెళ్లే చోట రబ్బరు ఓ-రింగులు ఉంటాయి. అవి అరిగినా, అమర్చేటప్పుడు గీరుకున్నా, గాలి నూనెలోకి దూరి ఇరుసు గాలి రంధ్రమైన బ్రీదర్ గుండా నూనెను బయటికి తోస్తుంది. కొన్నాళ్లకు వాల్వు దగ్గర కూడా నూనె చెమ్మ కనిపిస్తుంది. సన్నని గొట్టాన్ని సైలెన్సర్ పైపు పక్క నుంచి లాగితే అది కరిగిపోవడం నేను రెండు బళ్లలో చూశాను. ఛాసిస్ లోపలి అంచు వెంబడి, ఇరుసు పైకీ కిందికీ ఆడటానికి చాలినంత వదులు ఉంచి క్లిప్పులతో బిగించమనండి. వాగు దాటే దారి మీది కాబట్టి కంప్రెసర్‌ను బానెట్ కింద వీలైనంత ఎత్తులో పెట్టించండి.

వెనకే ఎందుకు అంటే, ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, పట్టు ఉన్నదీ అక్కడే. వెనక లాకర్ వేసుకుంటే స్టీరింగ్ మీద దాని ప్రభావం తక్కువగా ఉంటుంది.

ఒక హెచ్చరికను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కొండ పక్కగా, ఒక వైపుకు వాలి ఉన్న జారుడు దారిలో లాకర్ వేయకండి. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం తిరుగుతున్నా రెండోది నేలను పట్టుకుని బండిని పక్కకు జారకుండా ఆపుతుంది. లాకర్ పడి రెండు చక్రాలూ కలిసి జారితే పక్క పట్టు కూడా పోతుంది. బండి వెనక భాగం నెమ్మదిగా లోయ వైపు దిగుతుంది. ఎక్కుడు మొదట్లో స్విచ్ నొక్కి, గండి దాటగానే ఆపేయడం అలవాటు చేసుకోండి. చక్రం జోరుగా తిరుగుతున్నప్పుడు నొక్కకండి. ఆగి, నొక్కి, లాకర్ పట్టినట్టు చూపే దీపం వెలిగాక కదలండి.

ఇప్పుడు ఇరుసు విప్పే విషయం. జిప్సీ వెనక ఇరుసులో యాక్సిల్ షాఫ్టులు రెండూ బయటికి లాగి, ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీస్తే, క్రౌన్ పినియన్ మొత్తం ముందు వైపు నుంచి ఒకే ముద్దగా బయటికి వస్తుంది. దాన్ని బల్ల మీద పెట్టి తీరిగ్గా చూడవచ్చు. ముందుగా షాఫ్టుల చివర స్ప్లైన్లనే పొడవాటి గాడి పళ్లను గుడ్డతో తుడిచి, వెలుతురులో పట్టుకోండి. ఆ గీతలు కొలబద్దతో గీసినట్టు తిన్నగా ఉండాలి. పేనిన తాడులా ఏ కొంచెం వంపు తిరిగినా ఆ షాఫ్టు ఇప్పటికే మెలిపడిందని అర్థం. లాకర్ పడ్డాక అది త్వరలోనే తెగవచ్చు. ఆ తర్వాత స్టార్ పినియన్ల మధ్య దూరే అడ్డు పిన్నును బయటికి తీసి గోరుతో తడమండి, మెట్టు తగిలితే మార్చాలి. ఆ పిన్ను కూర్చునే కేజ్ రంధ్రం కోలగా సాగిందేమో చూడండి. ఈ రెండూ పాత కేజ్‌నే వాడే ఆటోమేటిక్ లాకర్‌కు ప్రాణాధారాలు. గాలి లాకర్ కొత్త కేజ్‌తో వస్తుంది కాబట్టి ఆ బెంగ ఉండదు కానీ, క్రౌన్ వీల్‌ను కొత్త కేజ్ మీదికి మార్చి, బేరింగు బిగువు, పళ్ల మధ్య ఆట మళ్లీ కుదర్చాలి. క్రౌన్ పళ్లకు రంగు పూసి, చేత్తో తిప్పి, మచ్చ పన్ను మధ్యలో పడుతోందో లేదో మెకానిక్ మీకు చూపించాలి. చెవితో విని సరిపోయిందనే వారి చేతికి ఈ పని ఇవ్వకండి.

షాఫ్టులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చవలసి వచ్చి లాకర్‌కు డబ్బు మిగలకపోతే, ఈ ఏడాది ఇరుసు బాగుచేయించి ఊరుకోండి. అలసిపోయిన ఇరుసులో కొత్త లాకర్ వేయించడం వల్ల తోట దారిలో, ఫోను సిగ్నల్ కూడా అందని చోట, షాఫ్టు తెగిన బండితో మిగిలిపోతారు.

ప్రశ్న: నా జిప్సీకి ముందు హబ్బులను చేత్తో తిప్పి లాక్ చేసుకోవాలి. హబ్బు వదిలేస్తే ముందు ఇరుసు ఊరికే ఉంటుంది కదా, అలాంటప్పుడు చవకైన ఆటోమేటిక్ లాకర్‌ను ముందు ఇరుసులోనే వేయించుకుంటే రోడ్డు మీద ఏ ఇబ్బందీ ఉండదని మిత్రుడు అంటున్నాడు. ఇది సరైన ఆలోచనేనా? – అరకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ మిత్రుని తర్కంలో తప్పులేదు. హబ్బులు వదిలేసినప్పుడు, రెండు ఇరుసులకూ బలం పంచే గేరుపెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, టూ వీల్‌లో ఉన్నప్పుడు, ముందు ఇరుసులో ఏముందో రోడ్డుకు తెలియదు. తక్కువ ఖర్చుతో మూడో చక్రాన్ని పనిలో పెట్టే మార్గం ఇదే. డబ్బు గట్టిగా చూసుకోవలసిన వారికి నేను కూడా దీన్ని చెప్పాను.

దాని మూల్యం స్టీరింగ్ దగ్గర చెల్లించాలి. ఫోర్ వీల్ వేయగానే ముందు చక్రాలు తిన్నగానే వెళ్లాలని పట్టుబడతాయి, పవర్ స్టీరింగ్ లేని బండిలో రెండు చేతులతో పోరాడాలి. ముఖ్యంగా, ముందు షాఫ్టుల చివర ఉండే గుండ్రని జాయింటు స్టీరింగ్ పూర్తిగా తిప్పిన స్థితిలో చాలా బలహీనం. స్టీరింగ్‌ను కొసదాకా తిప్పి, ఒక చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఆ జాయింటులోని గుళ్లు పగిలి బయటికి వస్తాయి. స్టీరింగ్ సగానికి మించి తిరిగి ఉన్నప్పుడు బలం పెట్టననే నియమం పాటించగలిగితే వేయించుకోండి. ముందు భాగం విప్పడం వెనకంత సులువు కాదని, హబ్బు, చక్రాన్ని పక్కకు తిప్పే కీలైన నకిల్ అంతా ఊడదీయాలని, అప్పుడే కింగ్ పిన్ బేరింగులు, ఆయిల్ సీళ్లు కూడా మార్చేస్తే కూలీ కలిసివస్తుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మాది నిర్మల్ దగ్గర పల్లె. మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. నల్లరేగడిలో దిగబడుతోందని చెబితే, స్టార్ పినియన్లను వెల్డింగ్ చేసి అతికించేస్తే లాకర్ పనే చేస్తుంది, ఖర్చు కూడా ఉండదు అన్నారు. చేయించమంటారా? – ఒక రైతు

జవాబు: వద్దు. ఊళ్లలో తిరిగే జీపుకు ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించకండి.

వెల్డింగ్ చేసిన డిఫరెన్షియల్ అంటే ఎప్పటికీ వదలని లాకర్. మీ జీపు రెండు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు. బండి పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో, ఆ మలుపు చిన్నదైనా పెద్దదైనా, బయటి చక్రం లోపలిదానికన్నా 4 మీటర్లకు పైగా ఎక్కువ నడవాలి. చక్రాలు అతుక్కుపోయి ఉంటే ఆ 4 మీటర్ల తేడానూ టైరు రోడ్డు మీద ఈడ్చుకుంటూ తీర్చాలి, ఆ ఈడ్పు భారమంతా యాక్సిల్ షాఫ్టులు మోయాలి. షాఫ్టే చక్రాన్ని కూడా మోసే రకం ఇరుసులో, అది బేరింగు బయట తెగితే చక్రం బండిని వదిలి వెళ్లిపోతుంది.

నేను ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల కిందట నా జీపుకు నేనే ఈ పని చేయించాను. నాలుగు నెలలు బురదలో రాజాలా తిరిగింది. ఒక సాయంత్రం ఘాట్‌లో, రెండో మలుపు దగ్గర, కింద నుంచి గోలీ పగిలినట్టు ఒక శబ్దం వచ్చింది, వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగి పిట్టగోడకు ఒక మూరెడు దూరంలో ఆగింది. మరునాడు హౌసింగ్ మూత తీసి నూనెను పళ్లెంలోకి ఒంపితే, అడుగున వెండిపొడిలాంటి రజను, దాని మధ్య చింతగింజంత వెల్డింగ్ ముక్క, దాని పక్కనే క్రౌన్ వీల్ పన్ను ఒకటి కనిపించాయి. గట్టిపరచిన గేరు ఉక్కు మీద మామూలు వెల్డింగ్ పెళుసుగా నిలబడుతుంది. ఊడిన ముక్క పళ్ల మధ్య పడితే చక్రాలు ఏ వేగంలో ఉన్నా అక్కడే ఆగుతాయి. ఆ రోజు జీపులో నా పక్కన మా చిన్నవాడు ఉన్నాడు.

మీ విషయంలో ఇంకో సంగతి ఉంది. తడిసిన నల్లరేగడిలో సాధారణంగా రెండు చక్రాలూ ఒకేలా పట్టు కోల్పోతాయి. టైరు గళ్లన్నీ మట్టితో పూడిపోయి చక్రం నున్నటి రుబ్బురోలు పొత్రంలా తయారవుతుంది. ఇలాంటి చోట లాకర్ ఎంత మంచిదైనా లాభం తక్కువ, ఎందుకంటే ఒక చక్రానికి లేని పట్టు రెండోదానికి కూడా లేదు. దూరదూరంగా లోతైన గళ్లు ఉన్న మడ్ టైర్లు మట్టిని విసిరేసుకుంటాయి, మీ డబ్బు వాటి మీద పెట్టండి. బురద దాటాక రోడ్డెక్కే ముందు బ్రేకు డ్రమ్ముల చుట్టూ పట్టిన మట్టిని కడగడం మరచిపోవద్దు.

ప్రశ్న: టైర్లలో గాలి తగ్గిస్తే లాకర్ అవసరం ఉండదంటారు, నిజమేనా? – ములుగు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలా చోట్ల నిజమే, అందుకే లాకర్ కొనే ముందు ఒక గేజు, ఒక చిన్న కంప్రెసర్ కొనండి. మట్టిలో, ఇసుకలో 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది, కట్టలు సరిగా వంగని పాత బండి కూడా కాస్త మెత్తగా నడుస్తుంది. అలా గాలి తగ్గించిన టైర్లతో నెమ్మదిగానే వెళ్లండి, తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపండి. గాలిలోకి లేచిన చక్రానికి మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

ప్రశ్న: 2016 నాటి మహీంద్రా థార్ సీఆర్‌డీఈని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వెనక లాకర్ ఉందని అమ్మినవారు చెప్పారు, కానీ ఎక్కడా స్విచ్ లేదు. గోతిలో చక్రం తిరిగినప్పుడు ఒక్కసారిగా ధనామని కొట్టుకుంటుంది. ఇది పాడైనట్టా? – కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాడైనట్టు కాదు, పనిచేస్తున్నట్టు. 2015లో మార్పులు చేసిన థార్‌లో వెనక ఇరుసుకు ఈటన్ వారి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. దానికి స్విచ్ ఉండదు. లోపల వేగాన్ని బట్టి పనిచేసే ఒక చిన్న గవర్నర్ ఉంటుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే గవర్నర్ బరువులు విచ్చుకుని, ఒక కొక్కేనికి తగులుకుని, రెండు వైపులనూ బిగించేస్తాయి. గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే లాక్ కాకుండా అందులోనే ఏర్పాటు ఉంది, కాబట్టి రోడ్డు మీద భయం లేదు.

దీన్ని వాడే పద్ధతి తెలియక చాలామంది లాకర్ పనిచేయడం లేదనుకుంటారు. చక్రం జారడం మొదలవగానే కాలు తీసేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు, యాక్సిలరేటర్‌ను నిలకడగా తొక్కి ఉంచి, చక్రాన్ని ఒక చుట్టో రెండు చుట్లో తిరగనివ్వాలి. పట్టిన శబ్దం వచ్చాక అదే నిలకడతో బయటికి రండి. కాలు తీస్తే అది వదిలేస్తుంది, మళ్లీ మొదటికొస్తారు. బాగా ఎక్కువ తొక్కితే చక్రం విపరీతమైన వేగంలో ఉండగా పట్టి, ఆ దెబ్బ షాఫ్టుల మీద, వాటి కీళ్లైన క్రాసుల మీద పడుతుంది. మీరు చెప్పిన ధనామన్న చప్పుడు అలాంటిదై ఉండవచ్చు. తారు రోడ్డు మీద మామూలు మలుపుల్లో కూడా ఆ చప్పుడు వస్తుంటే మాత్రం విప్పించి చూడాలి. పాత యజమాని ఏ నూనె పోశారో తెలియదు కాబట్టి, ముందుగా ఇరుసు నూనెను మాన్యువల్‌లో చెప్పిన రకానికి మార్చండి. ఒంపిన నూనెలో అయస్కాంతం తిప్పితే బూడిదలాంటి జిగురు అంటడం మామూలే, ముక్కలు అంటితే ఆలోచించాలి.

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్‌లో ఉంటాడు, వచ్చే నెల వస్తున్నాడు. అక్కడ సుజుకి సమురాయ్ బండికి దొరికే లాకర్‌ను తెమ్మంటే నా జిప్సీకి సరిపోతుందా? లాకర్ వేయిస్తే ఆర్టీవో, బీమా వాళ్లతో ఇబ్బంది ఉంటుందా? – కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సమురాయ్, జిప్సీ ఒకే కుటుంబం బళ్లు, చాలా భాగాలు కలుస్తాయి. కానీ పేరు చూసి కొనవద్దు, మీ షాఫ్టు చూసి కొనండి. ఈ కుటుంబంలో 22 స్ప్లైన్ల షాఫ్టులూ ఉన్నాయి, 26 స్ప్లైన్లవీ ఉన్నాయి. చేతులు మారిన పాత బళ్లలో ఎవరు ఎప్పుడు ఏ ఇరుసు మార్చారో ఆర్సీ చెప్పదు. వెనక కుడి షాఫ్టు ఒకటి లాగించి, ఒక పన్ను మీద సుద్దతో గీత పెట్టి, చుట్టూ రెండుసార్లు లెక్కపెట్టండి. క్రౌన్ వీల్ పళ్లు, పినియన్ పళ్లు కూడా లెక్కించి రాసుకోండి. ముందు, వెనక ఇరుసుల నిష్పత్తి ఒకటే కాకపోతే లాకర్ మాట అటుంచి, ఫోర్ వీల్ వేయడమే ప్రమాదం. కేజ్‌లో కూర్చునే రకమైతే, దానితో వచ్చే కాగితంలో రెండు భాగాల మధ్య ఉండవలసిన ఖాళీ కొలత ఉంటుంది. ఆ కాగితాన్ని తమ్ముడు పారేయకుండా తెచ్చేలా చెప్పండి, బిగించాక ఆ కొలత రాకపోతే బండి కదిలించకూడదు. సరుకు ఇనుము, బరువు ఎక్కువ. బిల్లు చేతిలో ఉంచుకుని విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించమనండి.

చట్టం విషయానికొస్తే, తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఇరుసు లోపలి లాకర్ వల్ల ఆర్సీలో రాసిన ఇంజను, ఛాసిస్, సీట్ల వివరాలేవీ మారవు. అయినా మీ బండి వయసును బట్టి 15 ఏళ్లు నిండాక 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కాబట్టి, బిగించే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. బీమా కంపెనీకి ఏం అమర్చారో రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు సంతకం తీసుకోండి.

మీ తమ్ముడు బయలుదేరడానికి ఇంకా సమయం ఉంది కాబట్టి ఈ ఆదివారమే షాఫ్టు లాగించండి. స్ప్లైన్ల లెక్క, క్రౌన్ పినియన్ పళ్ల లెక్క పంపితే, ఏది తెప్పించుకోవాలో మీకు విడిగా ఉత్తరం రాస్తాను.